చాప మూల

ఆ ఏడు మా తుతుయిలా దీవిలో ఒక్క ప్రాణం కూడా పోలేదని ఎవరైనా గొప్పగా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. పోయినవాళ్ళు మా ఒడ్డు మీద పోలేదు, అంతే. ఎక్కడ పోయారో, ఎవరు వెనక్కి తోలితే పోయారో అడిగేవాడు ఒక్కడూ ఉండడు. అడిగితే చెబుదామని ఇన్నేళ్ళూ చూశాను. ఎవరూ అడగలేదు కాబట్టి అడక్కుండానే చెబుతున్నాను.

అది 1918 నవంబరు. వానలు అప్పుడే మొదలయ్యాయి. పడమట ఉన్న ఉపోలు ద్వీపంలో ఓడ ఒకటి విషజ్వరాన్ని దించిపోయిందని అమెరికా నేవీ వాళ్ళకి వైర్‌లెస్‌లో కబురందింది. ఉపోలు మాకు పరాయి దేశమేమీ కాదు. జెండాలే వేరు. ఇక్కడ అమెరికా వాళ్ళు, అక్కడ న్యూజిలాండు సోల్జర్లు. మనుషులం ఒకటే, మాటా ఒకటే. ఒక పగలూ ఒక రాత్రీ తెడ్డేస్తే అక్కడుంటాం. వాళ్ళ పిల్లల్ని మేం తెచ్చుకుంటాం, మా పిల్లల్ని వాళ్ళకిస్తాం. మా అక్క ఫువతినోని ఇచ్చిందీ అక్కడే.

మా నాన్న ఊరి పెద్ద. నేవీ దొర పిలిపించి చెప్పిందంతా విని వచ్చి, సభ కూర్చోబెట్టాడు.

"ఇవాళ్టి నుంచి పడమటి పడవ ఏదీ గండి దాటి లోపలికి రాకూడదు. చుట్టమైనా సరే, చుట్టం కాకపోయినా సరే."

"చుట్టం కానివాడు మనూరెందుకొస్తాడు?" అన్నాడు సవేలియో. సభల్లో ఊరి తరఫున మాట్లాడేది ఆయనే. ఆయన నోరు విప్పితే రాళ్ళయినా నవ్వాల్సిందే. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు.

"కుర్రాళ్ళు వంతులేసుకుని గండి దగ్గర కాపలా ఉంటారు. ఎసెకియా చూసుకుంటాడు."

ఎసెకియా అంటే నేను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. పెత్తనమంటే చెవి కోసుకునే వయసు. పావురాల వేటకి నాన్న వాడే పాత తుపాకీ భుజానేసుకుని, పడవలు లోపలికొచ్చే ఆ గండి పక్కన పగడపు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతుంటే ఊరు మొత్తం నా మీదే ఆనుకుని ఉన్నట్టుండేది. తుపాకీలో తూటా లేదు. ఓడలాగిపోయాక తూటాలూ రావడం మానేశాయి. ఆ సంగతి నాకూ, నాతో వంతుండే లఫయేలెకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

మొదటి పడవ నాలుగో రోజున వచ్చింది. వచ్చింది ఎవరో కాదు, లఫయేలె మేనమామ. లావుపాటి మనిషి. పడవ ముందు భాగంలో ఒక పందిని కాళ్ళు కట్టి పడేసి తెచ్చాడు.

"ఒరే లఫయేలె! మావని గుర్తుపట్టలేదా? ఈ కోతిమూకేంటి గండికడ్డంగా?"

లఫయేలె నా వైపు చూశాడు. "ఒక్కడే కదరా," అన్నాడు మెల్లగా.

నేను తుపాకీ ఎత్తి, "వెనక్కి పోండి! ఆజ్ఞ!" అని అరిచాను.

"పందిని కూడా పొమ్మంటావా?"

"పందిక్కూడా జ్వరమే!"

గట్టు మీద కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. ఆ ముసలాయన ఇంకాసేపు బతిమాలాడు, తిట్టాడు, చివరికి దగ్గాడు కూడా. దగ్గుతో ఆయన పని అయిపోయింది. పడవ తిరిగింది. లఫయేలె నీళ్ళకేసి చూస్తుంటే, వాణ్ణి ఊరుకోబెడదామని నేను నోరు జారాను.

"ఏం చేస్తాంరా. మా అక్కొచ్చినా ఇంతే."

వాడు గభాలున నా వైపు తిరిగాడు. "అక్క పేరు తియ్యకు. నీ నోటికి అడ్డూ అదుపూ ఉండక్కర్లా?"

వాడు తిట్టడంలో తప్పేమీ లేదు. మా వాళ్ళలో తమ్ముడికి అక్క మాటంటే దేవుడి మాట తర్వాత మాట. ఆమె ముందు నిలబడి మాట్లాడం, ఆమె ఉన్నచోట గొంతెత్తం. ఆమె ఉసురు తగిలితే వంశం ఎండిపోతుందని నమ్ముతాం. అలాంటి అక్కని పది మంది ముందు పందెంలో పెట్టినట్టు మాట్లాడాను. మాట అన్నాను, అది పదిమందీ విన్నారు. విన్నవాళ్ళలో లఫయేలె ఉన్నాడు.

ఇంకో వారం గడిచింది. వానకి కొంచెం తెరిపిచ్చిన పొద్దున ఆమె పడవ వచ్చింది.

సముద్రం వెనక్కి తీసిన వేళ కావడంతో గట్టు మీద నడుచుకుంటూ గండి అంచుదాకా వెళ్ళాను. మధ్యన యాభై అడుగుల నీళ్ళు కూడా లేవు. ముఖాలు కనిపిస్తున్నాయి. ఇద్దరు తెడ్డు మనుషులు, బావ మతాయో, అక్క. అక్క ఒళ్ళో చంటివాడు. పక్కన ఆరేళ్ళ కూతురు లాంగి.

"అక్కడే ఆగండి!" అన్నాను అలవాటుగా.

అక్క నవ్వింది. "ఆగక ఎక్కడికి పోతాంరా! చేతులు పడిపోయాయి. ఆ తుపాకీ పక్కన పెట్టు. నాన్న పావురాల తుపాకీతో నన్ను కొడతావా ఏంటి?"

"ఎలా ఉన్నారక్కా?"

"నిక్షేపంగా ఉన్నాం. మా ఊళ్ళో ఇంకా రాలేదు. పక్క ఊళ్ళో రోజుకి పది మందిని పూడుస్తుంటే, మా ఊరికి రాకముందే బయల్దేరాం. మాలో ఎవరికీ తుమ్ము కూడా లేదు. కావాలంటే నేవీ డాక్టర్ని పిలిచి చూపించుకో."

లఫయేలె నా పక్కనే ఉన్నాడు. నేను వాడి వైపు చూడకుండా, "ఆ చిన్న దిబ్బ మీద పది రోజులు ఉండమందామా?" అన్నాను. గండి పక్కన పదిహేను కొబ్బరిచెట్లున్న దిబ్బ ఒకటుంది. నీళ్ళు కూడా దొరుకుతాయి.

"అలాగే," అన్నాడు లఫయేలె. "కానీ మా మావ వచ్చినప్పుడు ఆ దిబ్బ లేదా? మొన్న రాత్రే మొలిచిందా?"

కుర్రాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. నేను తుపాకీ వాడి చేతికిచ్చి ఊళ్ళోకి పరుగెత్తాను.

నాన్న మా ఇంట్లో గండి వైపు తిరిగే కూర్చుని ఉన్నాడు. తొడ మీద కొబ్బరిపీచు వేసి తాడు పేనుతున్నాడు. సభల్లో పెద్దలంతా పేనుతూనే ఉంటారు, అది చేతికి పని. సభ లేనప్పుడు ఆయన పేనగా నేనెన్నడూ చూడలేదు. పెరట్లో అమ్మ అప్పటికే రాళ్ళ పొయ్యి రాజేసింది, కూతురొచ్చిందని.

"నాన్నా, అక్కొచ్చింది."

"చూశాను."

"ఏం చెయ్యమంటావు?"

"కాపలా ఎవరిది?"

"నాదే."

"మరి నన్నెందుకు అడుగుతున్నావు?"

పీచు తొడ మీద దొర్లుతూనే ఉంది. ఆయన తలెత్తలేదు. ఇంకోసారి అడిగితే దిబ్బ మీదకి దించమనేవాడని నాకిప్పటికీ అనిపిస్తుంది. అడగలేదు. ఆయన చెప్పకూడదనే చూస్తున్నాడు, నేను అడగకూడదనే చూస్తున్నాను. ఇద్దరం కలిసి ఆడదాన్ని నీళ్ళ మీద నిలబెట్టాం.

తిరిగి గట్టు మీదకి వెళ్ళేసరికి లాంగి పడవలో లేచి నిలబడి ఉంది. దిగడానికి సిద్ధంగా మూట నెత్తిన పెట్టుకుంది.

"వెనక్కి పోవాలక్కా," అన్నాను.

"పరాచికాలాడకు. పిల్లాడికి ఎండ తగుల్తోంది."

"పరాచికం కాదు. నేవీ ఆజ్ఞ. పడమటి పడవలేవీ లోపలికి రాకూడదు."

"నేను పడమటి పడవనా?"

ఆమె నన్ను చూసింది, నా పక్కనున్న లఫయేలెని చూసింది, వెనక వరసగా నిలబడ్డ కుర్రాళ్ళని చూసింది. చూసేసరికి సంగతి అర్థమైందనుకుంటాను.

"పోనీ లాంగిని తీసుకో. చంటాడికి పాలు నేనివ్వాలి గానీ, ఇదైతే మీ దగ్గరుంటుంది. ఇది తినేదెంత?"

"ఒకరిని తీసుకుంటే అందర్నీ తీసుకున్నట్టే."

ఆ మాట నేవీ దొరది. అన్న నోరు నాది.

బావ తెడ్డు అందుకున్నాడు. "పద ఫువతినో. ఇంక బతిమాలకు," అన్నాడు. ఆయన నా ముఖం కూడా చూడలేదు.

అక్క ఒక్క మాట అని ఉంటే చాలు. "తమ్ముడూ, దించు" అని ఆజ్ఞగా అంటే కాదనే హక్కు నాకు లేదు. నేవీ ఉన్నా, నాన్న ఉన్నా లేదు. అక్కడున్న ఏ కుర్రాడూ నన్ను తప్పుపట్టేవాడు కాదు, లఫయేలె సహా. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఐనా అనలేదు. పది మందిలో నా మాట పడగొట్టడం ఇష్టం లేక అనలేదు. చిన్నప్పుడు నన్ను చంకనేసుకు తిప్పిన మనిషి, ఆ రోజు కూడా నా పరువే చూసింది. నేను జ్వరానికి భయపడి పంపానని అందరూ అనుకుంటారు. లఫయేలె ముఖం చూడలేక పంపాను.

అమ్మ నిన్నటి చేమదుంపలూ, కాల్చిన సీమపనసా, ఎనిమిది కొబ్బరిబోండాలూ బుట్టలో పెట్టి పంపింది. మేం వాటిని గట్టు చివర రాయి మీద పెట్టి వెనక్కి జరిగాం. తెడ్డు మనిషి ఒకడు దిగి వచ్చి పట్టుకెళ్ళాడు.

"అమ్మని ఏడవొద్దని చెప్పు," అంది అక్క. "వానలు తగ్గాక వస్తాం."

తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

జనవరి ఆఖరులో నేవీ వాళ్ళు బ్యాండు మేళంతో మా ఊరొచ్చారు. జెండా పాతారు. నాన్నకి ముద్ర వేసిన కాగితం ఇచ్చారు. ఊరికి నాలుగు పెట్టెల డబ్బా మాంసం, రెండు పీపాల బిస్కెట్లు. ఒక దొర నా చెయ్యి పట్టుకుని ఊపి ఏదో అన్నాడు. దుబాసీ మా మాటలోకి మార్చి చెప్పాడు: "నీ జనాన్ని కాపాడావంటున్నారు." అమ్మ ఆ రోజు ఇంట్లోంచి బయటికి రాలేదు. నేను మాత్రం డబ్బా మాంసం కడుపునిండా తిన్నాను. ఎందుకు దాచాలి? అక్క బాగానే ఉందనుకున్నాను.

ఆ డబ్బాలు ఇంకా అయిపోకముందే మా ఊరి పాస్టరుగారు ఉత్తరం తెచ్చారు. జ్వరం అంటకుండా పొగపెట్టిన వాసన కొడుతోంది కాగితం. అక్క వాళ్ళ ఊరి పాస్టరు రాసింది. వాళ్ళు తిరిగి వెళ్ళేసరికి జ్వరం వాళ్ళకంటే ముందే ఊరు చేరిందట. మతాయో నవంబరు ముప్పైన, ఫువతినో డిసెంబరు మూడున, చంటివాడు ఆ మర్నాడు. మిగతా వివరాలు రాసే ఓపిక లేదు, మన్నించండి అని ఉంది. లాంగి మాట లేదు.

అమ్మ పెట్టిన కేక వినలేక నేను గట్టు మీదకి పోయి కూర్చున్నాను. లఫయేలె వచ్చి పక్కన కూలబడ్డాడు. వాడి మేనమామ కూడా పోయాడు.

"ఆ రోజు మీ అక్కని దించుకుని ఉంటే నేనేమీ అనేవాణ్ణి కాదురా," అన్నాడు.

"నిజంగా?"

వాడు ఆలోచించాడు. "ఏమో. ఇప్పుడైతే అనను. అప్పుడైతే అనేవాణ్ణే."

ఆ మాటకి వాణ్ణి కొట్టాలనిపించింది, వాటేసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

వానలు వెళ్ళిపోయాక కట్టడి సడలించారు, పడవలు కదిలాయి. బావ వాళ్ళింటికి వెళ్ళి తలవంచాలని నాన్న నిర్ణయించాడు. మాలో ఘోరమైన తప్పు చేసినవాడు, తెల్లవారకముందే ఎదుటివాళ్ళ ఇంటి ముందు నేల మీద కూర్చుని, సన్నచాప నెత్తిన కప్పుకుని ఉండాలి. ముందు రాళ్ళూ కట్టెలూ పెట్టుకోవాలి, కావాలంటే మమ్మల్ని కాల్చుకోండి అన్నట్టు. ఇంటివాళ్ళు బయటికొచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే అక్కడే ఉండాలి, ఏం చేసినా పడాలి. అమ్మ పెట్టె తెరిచి, లాంగి పెళ్ళికని నాలుగేళ్ళు నేసిన చాప తీసింది. పట్టుబట్టలా మడత పడుతుంది అది. దాన్ని నా ఒళ్ళో పడేసింది.

"పెద్దని నేను. చాప కింద నేను కూర్చుంటాను," అన్నాడు నాన్న.

"నువ్వు తాడు పేనుకో నాన్నా. పంపిన నోరు నాది, కూర్చునేదీ నేనే."

జీవితంలో ఆయనకి ఎదురు చెప్పింది అదొక్కసారే. ఆయన చెయ్యెత్తాడు. మళ్ళీ దించేశాడు.

ఎనిమిది మందిమి వెళ్ళాం. ఇంకా వెలుగు రాకముందే ఆ ఊరి ఒడ్డున దిగి, బావ వాళ్ళ ఇంటి ముందు వరసగా కూర్చున్నాం. నేను ముందు, చాప కింద. మోకాళ్ళు, నుదురు, నేల. బయట ఏమవుతోందో చెవులతోనే తెలుసుకోవాలి. ఒక కోడి కూసింది. పక్షులు లేచాయి. ఎండ చాప మీద పడి వీపు కాలడం మొదలైంది. ఏ ఇంట్లోనూ కట్టెలు కొడుతున్న చప్పుడు లేదు, పిల్లల ఏడుపు లేదు, ప్రార్థన పాట లేదు. అంత పెద్ద ఊళ్ళో పొద్దున్నే పాట వినబడకపోవడం నేనెన్నడూ ఎరగను. మా మీద కోపంతో నోరు మూసుకున్నారనుకున్నాను.

చాలాసేపటికి చేతికర్ర చప్పుడు దగ్గరికొచ్చింది.

"ఎవరయ్యా మీరు? ఎవరికోసం కూర్చున్నారు?" ముసలి గొంతు.

సవేలియో లేచి నిలబడి, బిరుదులతో సహా ఆ ఇంటి పెద్దలందరినీ పేరుపేరునా పిలిచి, మా తప్పు చెప్పడం మొదలుపెట్టాడు. ముసలామె మధ్యలోనే ఆపింది.

"నువ్వు పిలిచేవాళ్ళలో ఒక్కడూ లేడు నాయనా. ఇంటి పెద్ద పోయాడు. ఆయన తమ్ముడు పోయాడు. ముగ్గురు కొడుకులూ, కోడళ్ళూ పోయారు. ఆ వెనక గోతిలో అందరూ ఒక్కచోటే ఉన్నారు. చాప ఎత్తే హక్కున్నవాడు ఈ ఇంట్లో ఎవడూ మిగల్లేదు. నేను పక్కింటిదాన్ని, అసెనతిని. నేనెత్తితే చెల్లదు."

సవేలియో నోరు మూగబోవడం ఆ చాప కిందనుంచే మొదటిసారి విన్నాను.

"ఫువతినో ఎలా పోయింది తల్లీ?" నాన్న గొంతు. తప్పు ఒప్పుకోవడానికొచ్చినప్పుడు సవేలియోని దాటి మాట్లాడకూడదన్న మర్యాద మర్చిపోయి అడిగాడు.

"జ్వరంతో కాదయ్యా, దాహంతో పోయింది. అందరం జ్వరమొచ్చి పడ్డాం, లేచి నీళ్ళిచ్చే మనిషి లేడు. పిల్లే కొబ్బరిచిప్పతో మోసుకొచ్చేది. వచ్చేలోపు సగం ఒలికిపోయేవి."

"ఏ పిల్ల?"

"వాళ్ళ పిల్లే. లాంగి. నా దగ్గరే ఉంది."

లాంగి బతికుంది. సవేలియోకి గొంతు తిరిగొచ్చింది.

"ఐతే ఆ ఇంటి రక్తం ఉన్నట్టే! పిలిపించమ్మా. ఆ పిల్లే ఎత్తాలి."

"ఆరేళ్ళ పిల్ల. దానికేం తెలుసు?"

"తెలియక్కర్లేదు. ఎత్తితే చాలు."

పిల్లని తీసుకొచ్చారు. చిన్న కాళ్ళు ఇసకలో నా ముందు వరకూ వచ్చి ఆగాయి. చాప అంచు కింద వేళ్ళు కనిపిస్తున్నాయి. బొటనవేలి మీద ఎండిన బురద.

"లోపలున్నది మీ మేనమామమ్మా," అంది అసెనతి. "చూస్తావా? నీ ఇష్టం."

చాప మూల కొంచెం పైకి లేచింది. వెలుగు కళ్ళల్లో కొట్టింది. లాంగి వంగి చూసింది. ఎముకలు తేలిన ముఖం, గుండు చేసిన తల. నవ్వలేదు, ఏడవలేదు. పొయ్యి మీద కప్పిన ఆకు తొలగించి, దుంప ఉడికిందో లేదో చూసినట్టు చూసింది.

"మామయ్యా," అంది.

"ఆఁ, అమ్మా."

ఇంకేమన్నా అంటుందని చూశాను. అనలేదు. చూసిందంతా చూసి, మూల కిందికి వదిలేసింది. మళ్ళీ చీకటి పడింది. కాళ్ళు ఇసకలో వెనక్కి వెళ్ళిపోయాయి. పరుగెత్తలేదు, మామూలుగానే నడిచి వెళ్ళింది.

"ఎత్తింది!" అని సవేలియో గట్టిగా అరిచాడు. "చాప ఎత్తింది! తప్పు మాసింది! దేవుడికి స్తోత్రం!" నాన్న భోరున ఏడ్చాడు. వెనకున్నవాళ్ళు లేచి, నా వీపు తట్టి, చాప లాగి మడత పెట్టారు. తెచ్చిన పందినీ దుంపలనీ అసెనతికిచ్చారు. ఆమె తీసుకుంది. లాంగిని మాతో పంపమని నాన్న అడిగాడు. పిల్ల ఇంటి స్తంభం పట్టుకుని వదల్లేదు. బలవంతం చెయ్యలేదు మేం. ఎలా చేస్తాం?

సాయంత్రానికి పడవెక్కాం. తెడ్లు పడుతుంటే సవేలియో ఆ కథ అప్పుడే అల్లడం మొదలుపెట్టాడు. మా ఊళ్ళో ఇవాళ్టికీ అదే చెబుతారు: మేనకోడలు చాప ఎత్తింది, ఎసెకియాని క్షమించింది అని. ఎత్తింది నిజమే. చూసి మళ్ళీ కప్పేసింది.